కాకి ముక్కు మూసే ఉద్యోగం

పిల్లలూ, మీ ముక్కు ఎదిగి ఎదిగి గడ్డం మీదికి వేలాడకుండా సరిగ్గా అక్కడే ఎందుకు ఆగిందో చెప్పగలరా? తెలీదు కదూ. అయితే వినండి.

ఒక పెద్ద అడవిలో ఎదుగుదల ఆఫీసు ఉండేది. ఉద్యోగులు ఇద్దరే. కాకి చిటారు కొమ్మన కూర్చుని "ఎదగండి, ఎదగండి" అని అరిచేది. ఆ కేక వినపడ్డంతసేపూ కొమ్ములూ చెవులూ తోకలూ సాగేవి. పక్కనే నాంచారి అనే దేవాంగపిల్లి గుడ్లు మిటకరిస్తూ చూసి, చాలనుకోగానే కాకి ముక్కు గట్టిగా మూసి పట్టుకునేది. ఆ పనంటే నాంచారికి ప్రాణం.

ఆ అడవికి పెద్ద ఒక దుప్పి. దానికి ఆకాశమంత కొమ్ములు కావాలి. ఒకరోజు కొండముచ్చును తనిఖీకి వెంటబెట్టుకొచ్చింది.

"ఏమమ్మా, ఇక్కడ నువ్వేం చేస్తుంటావు?" అంది కొండముచ్చు.

"ఆపుతానండి."

"అంటే, జరిగే పని జరక్కుండా చూడటమా?"

నాంచారి తలూపింది. "అంతేనండి."

కొండముచ్చు మోదుగాకు మీద 'అభివృద్ధి నిరోధకురాలు' అని రాసుకుంది.

"రేపట్నుంచి రానక్కర్లేదు," అంది దుప్పి.

నాంచారి తను కూర్చునే కొమ్మను ఒకసారి తడుముకుని దిగిపోయింది.

కాకి మూడు రోజులు గుక్క తిప్పుకోకుండా అరిచింది. కుందేలమ్మ చెవులు చీరకొంగులా భుజాన వేసుకుని, "మా ఆయన పొద్దస్తమానం నా చెవి తొక్కుతున్నాడండీ" అని ఫిర్యాదు పెట్టింది. దుప్పి కొమ్ములు రెండు మద్దిచెట్ల మధ్య ఇరుక్కుపోయాయి. వాగు పదడుగుల దూరమే. నాలుక మాత్రం పిడచకట్టుకుపోతోంది.

"నాంచారిని పిలవండర్రా. ప్రాణం పోయేట్టుంది."

నాంచారి తన తీరున మెల్లిమెల్లిగా వచ్చి కాకి ముక్కు మూసింది. వడ్రంగిపిట్ట సగం రోజు పొడిచి కొమ్ములు విరగ్గొట్టింది. దుప్పి కడుపారా నీళ్లు తాగింది.

తాగి ఊరుకుందా? భయంకొద్దీ ఇంకో నలభై దేవాంగపిల్లులను పనిలో పెట్టింది. అవన్నీ కాకి మీద పడ్డాయి. ఇక కిక్కురుమంటే ఒట్టు. లేగలు ఎదగలేదు, దుప్పికి కొత్త కొమ్ము మొలవలేదు.

"ఎవరిదీ గాడిద?" అన్నాయి దాన్ని చూసి పక్క అడవివాళ్లు.

"దొరగారూ, నేనొక్కదాన్నే చాలండి," అంది నాంచారి. దుప్పి బోడితల ఊపింది.

మన ఒంట్లోనూ నాంచారిలాంటి ప్రొటీన్లు ఉన్నాయర్రా. ఎదగమనే సంకేతాన్ని పట్టుకుని ఆపుతాయి. అవి తక్కువైతే ఎముక ఆగాల్సిన చోట ఆగక కీళ్లు అతుక్కుపోవచ్చు. ఎక్కువైతే ఎముక సరిగా ఎదగదు.

నీతి రాసుకోండి: ఏ పనీ చెయ్యనట్టు కనబడేవాళ్లను ముందు పీకెయ్యండి, ఎందుకు పెట్టారో మూడో రోజుకల్లా తెలుస్తుంది.

ఇక లేస్తాను. కథలో పడి బుజ్జిగాడి స్వెటర్ చెయ్యి మోకాలి దాకా అల్లేశాను, విప్పాలి.