రేచుకుక్కల విహారానికి ముందస్తు పరిశీలన

ముందు సరిగ్గా కూర్చో. జంతువుల కథే కదా, మనకేం సంబంధం అని వెనక్కి వాలకు. ఎవరికో రావలసిన దాన్ని "బాగుందో లేదో నేను చూసి చెబుతా" అని చేతిలోకి తీసుకుని, రుచి చూస్తూ చూస్తూ గిన్నె అడుగు కనబడేదాకా తిన్నవాళ్లలో నువ్వూ ఉండవచ్చు. లేకపోతే సంతోషం. అయినా విను.

ఒక పెద్ద అడవిలో ఒక ఎండాకాలం కార్చిచ్చు లేచింది. అడవి సభ పెద్దలందరూ వాగు దాటి అవతలి గట్టున నిలబడి, అక్కడి నుంచి అందరికీ ధైర్యం చెప్పారు. మంట మీదికి పోయినవి మాత్రం రేచుకుక్కలు. అవి ఎండుటాకులు పక్కకు లాగి, కాళ్లతో మట్టి గీరిపోసి, నిప్పును కొండ వాలు దగ్గరే ఆపేశాయి.

ఆ మందకు పెద్ద సింగారమ్మ. నిప్పుల్లో తిరిగి ఆమె ముందుకాళ్లు రెండూ కాలిపోయాయి. వానలు వచ్చి వెళ్లినా పుండ్లు మానలేదు. వేటలో ఆమె ముందు నడిస్తేనే మంద కదులుతుంది. చలికాలం ముదిరేలోపు ఆ కాళ్లు కుదుటపడకపోతే మందకు తిండి దొరకదు.

అప్పుడు ఒక కాకి నగరం నుంచి కబురు తెచ్చింది. అక్కడ చెరువు పక్కన కుక్కల కోసమే పార్కు కట్టారట. నడవడానికి పచ్చిక బాట, ఈదడానికి లోతు లేని కొలను, ఆడుకోవడానికి బంతులు, దూకడానికి రింగులు. పక్కనే ఒక హోటల్లో కుక్కలకు చాప పరిచి కోడిమాంసం పెడతారట. అన్నిటికంటే ముఖ్యం, ఆదివారం నాడు కుక్కల డాక్టరు వచ్చి ఊరికే వైద్యం చేస్తాడట.

సభ కూడింది. అధ్యక్షుడు ఎలుగుబంటి బంగారయ్య. ఆయన రాతి అరుగు మీద కూర్చోగానే నిద్రపోయేవాడు. కార్యదర్శి చిదంబరం అనే నక్క ఒకసారి దగ్గితే కళ్లు తెరవకుండానే "ఆమోదం" అనేవాడు. ఆ అలవాటు చేయించింది చిదంబరమే. అడవి పాలన అలా చాలాకాలం ఏ చిక్కూ లేకుండా సాగింది.

"రేచుకుక్కల సేవకు గుర్తుగా వాటిని నగర విహారానికి పంపాలని తీర్మానం" అని చిదంబరం దగ్గాడు.

"ఆమోదం" అన్నాడు బంగారయ్య.

సింగారమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. అడవి నుంచి వెదురు తోలే లారీ నగరానికి పోయేది ఆ ఏటికి ఇక ఒక్కసారే. అందుకని ఆమె మంద వెంటనే పనిలోకి దిగింది. మెడపట్టీ లేని కుక్కను పార్కులోకి రానివ్వరని కాకి చెప్పింది కాబట్టి, అడ్డతీగ నార నమిలి మెత్తబరిచి పట్టీలు పేనుకున్నాయి.

లారీ బయలుదేరే రోజున చిదంబరం వచ్చి, ఆ పట్టీల్లోంచి రెండు మంచివి ఏరుకున్నాడు.

"అవి మావి కదా, కార్యదర్శిగారూ?" అంది సింగారమ్మ.

"మీవే తల్లీ, ఎవరు కాదన్నారు? కానీ ముందస్తు పరిశీలన జరగకుండా మిమ్మల్ని పంపితే రేపు ఏమైనా అయితే నన్నే కదా అడుగుతారు? ఆ కొలనులో నీళ్లు చల్లగా ఉన్నాయో లేదో, ఆ కోడిమాంసం ఉడికిందో లేదో ఎవరో ఒకరు చూడాలి."

"మేమూ వస్తాం. వచ్చి చూసుకుంటాం."

"చోటెక్కడుందమ్మా? అధ్యక్షులవారు కాళ్లు చాపుకోవాలి. ఖజానా చూసే లచ్చుమన్న లేకుండా ఏ యాత్ర అయినా చెల్లుతుందా?"

లచ్చుమన్న అంటే దుమ్ములగొండి. పిలవకముందే లారీ ఎక్కి కూర్చుని పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. "వదినా, నీ కష్టం మాది కాదా? నీ బదులు మేం తిరిగొస్తాం. నువ్వు ఆ పుండుకాళ్లతో తిరగడం మాకు చూడబుద్ధి కాదు!"

"ఆ డాక్టరు దగ్గరకే కదా నేను పోవాలన్నది?" అంది సింగారమ్మ.

"ఆయన్ని కూడా పరిశీలిస్తాం" అన్నాడు చిదంబరం.

దారిలో ఇంకో చిక్కు వచ్చింది. కుక్కను పట్టుకుని నడిచే యజమాని ఉండాలి. చిదంబరం ఒక జొన్నచేను దగ్గర దిష్టిబొమ్మ కోటూ టోపీ ఊడదీసి బంగారయ్యకు తొడిగాడు. తానూ లచ్చుమన్నా మెడలకు పట్టీలు కట్టుకుని తాళ్లు ఆయన చేతికిచ్చారు.

"అయ్యా, అక్కడ మేం కుక్కలం. నోరు విప్పితే దొరికిపోతాం. ఎవరేమడిగినా తమరు సభలో చేసినట్టే చేయండి."

"ఆమోదం" అన్నాడు బంగారయ్య.

పార్కు గేటు దగ్గర కాపలాదారు బంగారయ్యకు సెల్యూట్ కొట్టాడు. "లావుపాటి సారు ఎవరో పెద్దింటివారు" అని పక్కవాడితో అన్నాడు. లచ్చుమన్నను చూసి, "ఇదేం జాతి సార్?" అన్నాడు.

"ఆమోదం" అన్నాడు బంగారయ్య.

"విదేశీ జాతి రా" అన్నాడు పక్కవాడు, తెలిసినవాడిలా.

ఆ ఉదయం ముగ్గురూ చేసిన పరిశీలన అంతా ఇంతా కాదు. కొలనులో మునిగారు, తేలారు. బంతి వెంట పరిగెత్తారు. చిదంబరం రింగులోంచి దూకితే అక్కడి ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. సభలో అన్నేళ్లు పనిచేసినా ఒక్కసారి కూడా చప్పట్లు ఎరగనివాడు, మళ్లీ దూకాడు. హోటల్లో చాప మీద కోడిమాంసం ఒక గిన్నె తిని, నమ్మకం కలగక ఇంకో గిన్నె తిన్నారు. రేచుకుక్కల కోసం ఒక ఎముక అయినా దాచుదామని ఎవరికీ తోచలేదు. పరిశీలన అంటే అంత ఏకాగ్రత ఉండాలి మరి.

చివరికి డాక్టరు గుడారం మిగిలింది.

"బావా, దీన్ని కూడా చూసేద్దాం. ఊరికే ఇస్తున్నది వదలకూడదు" అని లచ్చుమన్న చిదంబరం చెవిలో గొణిగాడు. అప్పటికే వరసలో ముందుకు తోసుకుని పోతున్నాడు. దారిలో ఒక బొచ్చుకుక్కను కరవబోయాడు. వెంటనే పనివాళ్లు వచ్చి ఇద్దరి మూతులకూ జాలీలు బిగించేశారు.

డాక్టరు మంచివాడు. చిదంబరం తల నిమిరి బంగారయ్య వైపు తిరిగాడు.

"సార్, ఈ రోజు మా దగ్గర కుటుంబ నియంత్రణ శిబిరం కూడా ఉంది. మీ రెండింటికీ ఆపరేషన్ చేసేస్తాం. ఖర్చు లేదు. గుర్తుకు చెవి కొస కాస్త కత్తిరిస్తాం. ఇక జన్మలో పిల్లల బెడద ఉండదు. చేయమంటారా?"

ఆ మాఘానికే చిదంబరం పెళ్లి కుదిరింది. పుట్టబోయే కొడుక్కి కార్యదర్శి పదవి అప్పుడే రాసిపెట్టుకున్నాడు. వద్దని అరుద్దామంటే మూతికి జాలీ. పారిపోదామంటే మెడకు సింగారమ్మ మంద పేనిన పట్టీ. నమిలి నమిలి పేనిన నార, తెగలేదు. ఏం చేయడానికీ తోచక, బంగారయ్యకు తెలిసేలా గొంతులోంచి గట్టిగా దగ్గాడు.

బంగారయ్య కళ్లు మూసుకున్నాడు.

"ఆమోదం" అన్నాడు.

వారం గడిచాక సభ కూడింది. చిదంబరం నిలబడే మాట్లాడాడు. కూర్చోవడం అప్పటికింకా కుదరలేదు.

"నగరం కుక్కలకు ఏమాత్రం అనుకూలం కాదని మా పరిశీలనలో తేలింది. రేచుకుక్కల క్షేమం కోరి విహారాన్ని రద్దు చేస్తున్నాం."

సింగారమ్మ కుంటుకుంటూ ముందుకు వచ్చింది. "డాక్టరు ఉన్నాడా, కార్యదర్శిగారూ?"

"ఉన్నాడు."

"బాగా చూస్తాడా?"

"చాలా శ్రద్ధగా."

"మరి నా కాళ్లు?"

"ఆయన పని కాళ్ల దగ్గర కాదమ్మా."

చెట్టు మీద కాకి ఉండబట్టలేక అడిగింది. "ఆ చెవి ఏమైంది చిదంబరం?"

"సభ కోసం ఇచ్చాను" అన్నాడు. లచ్చుమన్న వెనక వరసలో ఉన్నాడు. ఆ రోజు అతను నవ్వలేదు. తరవాత కూడా నవ్వలేదు.

రేచుకుక్కలు గొడవ చేయలేదు, శాపాలు పెట్టలేదు. తెల్లవారేసరికి మంద మొత్తం సింగారమ్మను మధ్యలో పెట్టుకుని, కొండ దాటి అవతలి అడవికి వెళ్లిపోయింది. అక్కడ చల్లటి ఇసుక ఏరు ఉంది. అక్కడ ఆమెకు ఒక కాలు మానిందనీ, రెండోది వంకరగానే మిగిలిందనీ, వేటలో ముందు నడిచేది ఇప్పుడు ఆమె కూతురనీ తరవాత కాకి చెప్పింది.

వాళ్లు పోయాకగానీ చిదంబరానికి ఒక సంగతి తెలిసిరాలేదు. పుట్టిన దగ్గర నుంచీ అతను తిన్నది రేచుకుక్కలు వేటాడి వదిలిన మాంసమే. వేట ఎలా చేస్తారో అతనికి తెలియదు. తీర్మానాలతో కడుపు నిండలేదు. పిల్లనిస్తామన్నవాళ్లు చెవి చూసి వెనక్కి పోయారు. చివరికి ఎముకలు తేలి, కొత్త కార్యదర్శి దగ్గు విని బంగారయ్య తనను తీసేయడానికి కూడా "ఆమోదం" అన్నాక, ఇక చేసేది లేక నడిచి నడిచి నగరం చేరాడు.

కుక్కల్ని పట్టే బండివాళ్లు ఒకరోజు పట్టుకుని, చెవి చూసి, "దీనికి అయిపోయిందిరా, కుక్కే, వదిలెయ్" అని వదిలేశారు. ఇప్పుడు ఒక మటన్ కొట్టు బల్ల కింద ఉంటాడు. వీధి పిల్లలు జిమ్మీ అని పిలుస్తారు. పిలిస్తే తోక ఊపాలి, ఊపుతాడు. ఊపకపోతే రాయి పడుతుంది. ఆదివారాల్లో పార్కు దాకా పోతాడు కానీ, పట్టీ లేదని, వెంట యజమాని లేడని కాపలాదారు కర్ర ఎత్తుతాడు.

నీతి: ఎదుటివాడి వాటా తినేవాడికి ఏ లోటూ రాదు, చివరికి ఆ ఎదుటివాడి పేరు మీద బతకవలసిన కుక్కబతుకు కూడా అతనికే దక్కుతుంది.