మూడు అడవుల ఉమ్మడి దగ్గు

చాలా పెద్ద అడవి అది. ఆ ఏడు అందులో జంతువులు పులి నోట పడి చచ్చినదానికన్నా క్షయతో చచ్చింది ఎక్కువ. నది అవతలి అడవిలోనూ, కొండల వెనక అడవిలోనూ అదే గతి.

సంగతి తెలిసి చలిదేశం నుంచి తెల్లబాతు దొర ఎగిరొచ్చాడు. బుట్టల నిండా మందు కూడా తెప్పించాడు. మూడు అడవులూ కలిసి ఉమ్మడి పరిశోధన సంఘం పెట్టుకున్నాయి. ఏనుగు ఐరావతంగారు అధ్యక్షుడు. నక్క లౌక్యనాథం కార్యదర్శి.

చుక్కమ్మ అనే ఆడ దుప్పి మొదటి సమావేశానికే పరుగెత్తుకొచ్చింది.

"అయ్యా, మా ఆయన దగ్గి దగ్గి నెత్తురు కక్కుతున్నాడు. మందొచ్చిందటగా, ఇప్పించండి."

"ఇస్తామమ్మా, ఎక్కడికి పోతుంది?" అన్నాడు లౌక్యనాథం. "ముందు పరిశోధన కానీ."

"ఏం పరిశోధనయ్యా?"

"మూడు అడవుల్లో దగ్గు ఎలా ఉందో పోల్చి చూడాలి. మీ ఆయనకి ఇప్పుడే మందిస్తే దగ్గు తగ్గిపోతుంది. తగ్గాక దేన్ని పోలుస్తాం?"

ఐరావతంగారికి అనుమానం వచ్చింది. "ఆ మందు పనిచేస్తుందని తెలుసుగా, లౌక్యం? ఇచ్చేస్తే పోలా?"

నక్క ఆయన చెవిలో గొణిగాడు. "రోగం పోతే దొర వెళ్ళిపోతాడు. దొర పోతే సంఘం పోతుంది. అప్పుడు తమరు మళ్ళీ మామూలు ఏనుగే."

ఐరావతంగారు చెవులాడించి, సరేనన్నట్టు తొండం ఎత్తారు. పరిశోధన ముగిసేదాకా ఎవరికీ మందు లేదని తీర్మానమైంది. బుట్టలు గుహలో పెట్టి బండ అడ్డం దొర్లించారు.

ఇక సమావేశాలే సమావేశాలు. ఒకసారి నది అవతల, ఒకసారి కొండల వెనక. వెళ్ళినచోటల్లా విందు, సన్మానం. చుక్కమ్మ వచ్చి మందడిగినప్పుడల్లా "మీ సహకారానికి ధన్యవాదాలు" అని పంపేసేవారు.

వానాకాలంలో మహాసభ పెట్టారు. వానలో తడిస్తే బాతు దొరకి జలుబు చేస్తుందని, గాలి చొరని ఇంకో గుహలో అందరినీ కూర్చోబెట్టారు. ప్రతినిధులకు అసలైన దగ్గు వినిపించాలని లౌక్యనాథం చుక్కమ్మ మొగుణ్ణి తెచ్చి వేదిక మీద నిలబెట్టాడు.

"గట్టిగా దగ్గవయ్యా, వెనక కూర్చున్నవాళ్ళకి వినపడాలి!"

దుప్పి రోజంతా దగ్గాడు. ప్రతినిధులు తలలూపి మెచ్చుకున్నారు. సభ ముగియకముందే అతను చనిపోయాడు. సంఘం సంతాపం ప్రకటించి భోజనానికి లేచింది.

చలి మొదలయ్యేసరికి ఐరావతంగారు దగ్గడం మొదలెట్టారు. లౌక్యనాథానికి నెత్తురే పడింది. ఇద్దరూ మందు గుహకి పరుగెత్తారు. బండ ముందు దొర నిలబడి ఉన్నాడు.

"పరిశోధన ముగియలేదు కదండీ," అన్నాడు దొర. "పైగా కార్యదర్శిగారి దగ్గు అరుదైన రకం. మాకు బాగా పనికొస్తుంది."

"ముగిసింది! ఇప్పుడే ముగిసింది!" అని అరిచాడు నక్క.

"మరి ఫలితం?"

నక్క దగ్గు ఆపుకుని ఆలోచించాడు. "క్షయ అంటుకుంటుందని తేలింది."

ఐరావతంగారు బండని ఒక్క తోపు తోశారు. కార్యదర్శి ముందు మింగాడు, అధ్యక్షుడు తర్వాత. మిగిలింది అడవులకి పంచారు. మొగుడికి సేవ చేసి తనూ దగ్గుతున్న చుక్కమ్మ వంతు కూడా వచ్చింది.

"మా ఆయన వాటా ఎవరు తిన్నారయ్యా?" అని అడిగిందామె.

నోట్లో మందు ఉంది, మాట్లాడలేనని నక్క సైగ చేశాడు.

నెలల తరబడి మందు మింగి, బతికున్నవాళ్ళందరూ కోలుకున్నారు.

నీతి: అడవికి వైద్యం తొందరగా అందాలంటే, రోగం ముందు కార్యదర్శికి రావాలి.