సంపు గట్టు దగ్గర చెప్పులు

ఆగస్టు పందొమ్మిది. ఆ పొద్దున షుకూర్ సార్ రాత్రి మిగిలిన అన్నానికి ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేసి తాళింపు పెట్టుకున్నాడు. ఉప్పు రెండుసార్లు పడింది. ఎవరూ ఏమీ అనలేదు. అనాల్సిన ఖుద్సియా పోయి ఏడాది దాటింది.

ఆ నెల మొదట్లో గోదావరి భద్రాచలంలోని ఆ కాలనీలోకి వచ్చి వెళ్లింది. వెళ్తూ వెళ్తూ సార్ పెరట్లో, నేల కిందున్న నీళ్ల సంపులో మోకాలి లోతు బురద వదిలిపోయింది. కెమిస్ట్రీ లెక్చరర్‌గా రిటైరైన మనిషికి మూసి ఉన్న బురద ఎలాంటి గాలిని పుట్టిస్తుందో ఒకరు చెప్పనక్కర్లేదు. అందులో దిగినవాడు కేకైనా వేయకుండా పడిపోతాడు. వాణ్ణి తీద్దామని దిగినవాడు వాడి మీద పడతాడు.

అందుకే ముందు రోజే మూత తీసి, పాత టేబుల్ ఫ్యానును గట్టు మీద లోపలికి వంచి కట్టాడు. వాన తుంపర పడకుండా దాని మీద గోనెపట్టా కప్పాడు. బురద తోడటానికి బకెట్‌కు తాడు కట్టి లోపలికి వదిలాడు. సంపులు కడిగే పినపాక ముత్యాలుకు పని చెప్పి, "నేను చూసి సరే అన్నదాంక దిగకు" అని ఫోన్లో పదేపదే హెచ్చరించాడు. ఒకరు లోపలికి దిగితే పైన ఇద్దరు ఉండాలన్నది ఆ ఇంటి పద్ధతి. ఇదివరకు ఆ రెండో మనిషి ఖుద్సియా. మూత తీసింది మొదలు మూసేదాకా గట్టు పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేది. లోపలి మనిషిని పిల్లల సంగతులు అడుగుతూనే ఉండేది. జవాబు కాస్త ఆలస్యమైతే తాడు లాగించేది.

ఇప్పుడు ఆ రెండో మనిషిగా పక్కింటి కిషన్‌లాల్‌ను అనుకున్నాడు. అతను ఆర్టీసీ డ్రైవర్. ఫోను ఎత్తలేదు. డ్యూటీలో ఉన్నాడేమో, డిపోలో పట్టుకుందామని సార్ పెరట్లోంచి బయలుదేరాడు. తాగే నీళ్ల సంపు మీద చెప్పులతో నడవకూడదని ఖుద్సియా పెట్టిన నియమం ఇంకా అమల్లోనే ఉంది. గట్టుకు ఇవతల చెప్పులు విడిచి, సంపు కప్పు మీదుగా నడిచి, వంటింట్లోంచి ముందు వాకిట్లోకి వచ్చాడు. అక్కడ చెప్పులు కనపడక బూట్లు తొడుక్కున్నాడు. ఈ ఏడాదిగా ఆయన చెప్పులు ఉండాల్సిన చోట ఉండటం లేదు.

కాసేపటికి కిషన్‌లాల్ భార్య సైదమ్మ గోడ మీద దుప్పటి ఆరేస్తూ ఇటు చూసింది. మూత తీసిన సంపు. లోపలికి వేలాడుతున్న తాడు. గట్టు దగ్గర ఒద్దికగా సార్ చెప్పులు.

"సారూ!" అని పిలిచింది.

"ఊఁ... ఊఁ..." అంది సంపు.

అది బేరింగు అరిగిన ఫ్యాను మూలుగు. నేల కింద మారుమోగి మనిషి మూలుగులా వచ్చింది.

"అయ్యో, సారు సంపుల పడ్డడు! ఏమయ్యో, లెవ్వు!"

అప్పుడే డ్యూటీ దిగి వచ్చి పడుకున్న కిషన్‌లాల్ లుంగీ బిగించుకుంటూ గోడ దూకాడు. మూలమీద కిరాణా కొట్టు శ్రీను ఫైర్ ఇంజనుకు ఫోన్ చేశాడు. వెనక వీధిలో ఖుద్సియా స్నేహితురాలు సుమయ్యకు ఈ వార్త చేరేసరికి సార్ పడటమే కాదు, పోవడం కూడా అయిపోయింది. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు కాబట్టి, ఆమె కళ్లు తుడుచుకుంటూ పెద్ద గిన్నెలో బగారా అన్నానికి ఎసరు పెట్టింది.

అంతలో, అనుకున్నదానికన్నా ముందు బస్సు దొరికి ముత్యాలు వచ్చేశాడు. చెప్పులు చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"నన్ను దిగకు దిగకు అనుకుంట తానే దిగిండా! తాడు తే అన్నా!"

డిపోలో కిషన్‌లాల్ దొరక్క షుకూర్ సార్ తిరిగి వచ్చేసరికి ఇంటి ముందు జనం. గేటు దగ్గర శ్రీను ఫోన్లో అడ్రసు చెబుతూ, తల ఎత్తకుండానే ఆయన్ని పక్కకు నెట్టాడు. "జరుగుండ్రి, మనిషి సంపుల పడ్డడు!"

సార్‌కు తోచింది ముత్యాలే. ముత్యాలు ముందే వచ్చాడన్నమాట. ఎవరూ లేరని దిగాడన్నమాట. జనాన్ని తోసుకుంటూ పెరట్లోకి పరుగెత్తాడు.

"ముత్యాలూ! ముత్యాలూ!"

గట్టు మీద తాడు పట్టుకుని వంగి ఉన్న ముత్యాలు వెనక్కి చూడకుండా, "ఆగు సార్, ముందు సారును తియ్యనీ!" అన్నాడు.

సార్‌కు ఆ మాట చెవికెక్కలేదు. ఆయనకు కనపడింది ఒక్కటే. నడుముకు తాడు కట్టుకుని, రెండు కాళ్లూ సంపులో పెట్టేసిన కిషన్‌లాల్. వెనక నుంచి అతని బనీను రెండు చేతులా పట్టుకున్నాడు.

"దిగకు కిషన్‌లాల్! చస్తవ్!"

"ఇడువుండ్రి! లోపల షుకూర్ సార్ ఉన్నడు!"

"ఉంటే ఉండనీ! నువ్వు దిగకు!"

కిషన్‌లాల్ కోపంగా తల తిప్పాడు. ముత్యాలూ తిప్పాడు. పెరట్లో ఉన్నవాళ్లంతా సార్‌నూ సంపునూ మార్చి మార్చి చూశారు. సంపు మాత్రం "ఊఁ..." అంది.

ఫైర్ ఇంజన్ వాళ్లు వచ్చాక తాడుకు విషవాయువును పసిగట్టే చిన్న మీటరు కట్టి లోపలికి వదిలారు. సగం దూరమైనా పోకముందే అది కీచుమని అరవసాగింది. రోజంతా ఫ్యాను తిరిగినా లోపలి గాలి మారలేదు. బురదను పైనుంచే పంపుతో లాగించాలని, అప్పటిదాకా ఎవరూ దిగొద్దని చెప్పి, సంపు మీద ఇనుప జాలీ పరిచి కట్టారు.

"నేను దిగుదునే..." అన్నాడు కిషన్‌లాల్ నెమ్మదిగా. సైదమ్మ అతని బనీను అంచు పట్టుకుంది. చాలాసేపు వదలలేదు.

"సార్, గన్ని తెలిసినోళ్లు, మూత తీసి మనిషి లేకుండ ఎట్ల పోయిన్రు?" అని అడిగాడు కిషన్‌లాల్.

షుకూర్ సార్ గట్టు పక్కకు చూశాడు. ఆ గట్టు పక్కన ఎప్పుడూ ఒక మనిషి ఉంటుందనుకోవడమే ఆయన అలవాటు. తాడు, ఫ్యాను, బకెట్ అన్నీ గుర్తు పెట్టుకున్నాడు. కుర్చీ ఖాళీ అన్నది గుర్తు పెట్టుకోలేదు.

ఈలోగా సుమయ్య గిన్నె మోయించుకుని ఏడుస్తూ వచ్చింది. ఎదురుగా సార్‌ను చూసి ఏడుపు ఆపలేక, కొనసాగించలేక, "తినుండ్రి భాయ్, సల్లారుతది" అంది. తన చావుకు వండిన అన్నం సార్ ఫైర్ ఇంజన్ వాళ్ల పక్కన కూర్చుని తిన్నాడు. ఏడాదిలో ఆయన తిన్న అన్నాల్లో ఉప్పు సరిగ్గా పడింది అదొక్కటే.

చీకటి పడ్డాక ఆయన పెరట్లోకి వచ్చాడు. చెప్పులు అక్కడే ఉన్నాయి. పెళ్లయిన నాటి నుంచీ వెనక విడిచిన చెప్పులు ముందు వాకిట్లో ఎలా ప్రత్యక్షమయ్యేవో అప్పుడు అర్థమైంది. చెప్పులు చేత్తో పట్టుకుని, ఇంటి పక్క సందులోంచి, వరద మిగిల్చిన బురదలో అడుగులు వేస్తూ ముందుకు నడిచాడు. సందు ఇంత పొడుగని ఆయనకు తెలియదు. ఖుద్సియా ఒక్కసారీ చెప్పలేదు. తనూ అడగలేదు.

గోడ అవతల నుంచి సైదమ్మ చూస్తూ ఉంది.

"సారూ, గవి మీ చెప్పులే గద! తొడుక్కొని నడిస్తే అయిపోతుండె!"

సార్ చెప్పులను గుమ్మం పక్కన జంటగా పెట్టి, బురద కాళ్లతో లోపలికి వెళ్లి, తలుపు చప్పుడు కాకుండా వేసుకున్నాడు. ఆ మాటే తనకు సందు మొదట్లో తోచి ఉంటే బాగుండేది.