టీ ఊదే యంత్రానికి గిరాకీ పుట్టిన వైనం

వేడి టీని చల్లార్చే బుల్లి యంత్రాలు ఎనభై వేలు తయారై గోదాము చేరాయని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. కప్పు అంచుకు తగిలించి మీట నొక్కితే చాలు, నోటికి శ్రమ లేకుండా అదే ఊదిపెడుతుంది. వస్తువు సిద్ధమైంది కనుక, ఇక దాని అవసరం తయారు కావడమే తరువాయి.

ఆ పనికోసమే కంపెనీలో అవసరాల అధికారి అని ఒకాయన ఉన్నాడు. నెలాఖరులోగా ప్రజల్లో అవసరం కనబడకపోతే ఆయన పోస్టే అనవసరమని తేల్చేస్తామంటూ పైనుంచి కాగితం వచ్చింది. అది చదివినప్పటి నుంచి పాపం ఆయనకు ముద్ద దిగడం లేదు.

అధ్యక్షులవారు సమావేశం పెట్టి ధైర్యం చెప్పారు. "అడిగాక చేసిపెట్టడం ఏ వంటవాడైనా చేస్తాడు. అడగకముందే చేసి, అడిగేదాకా వదలకపోవడం మన ప్రత్యేకత!" అందరూ చప్పట్లు కొట్టారు. ఊడబోయే ఉద్యోగం తనది గనుక అధికారి మరికాస్త గట్టిగా కొట్టాడు.

మర్నాడే ఫారాలు చంకన పెట్టుకుని, యంత్రం చేతపట్టుకుని ఇల్లిల్లూ తిరగసాగాడు. 'ఇది లేక మీరు ఎంతకాలంగా బాధపడుతున్నారు?' అన్నది మొదటి ప్రశ్న. ఒక బామ్మగారు ఆయన్ని ఎగాదిగా చూసి, "నా నోటికేం రోగం నాయనా? నిక్షేపంలా ఊదుతోంది" అని, ఊది మరీ చూపించింది. ఆవిడ ఫారంలో ఆయన 'బాధ ఉంది, ఇంకా తెలియదు' అని రాసుకున్నాడు. సాయంత్రానికి అలా తెలియనివాళ్ళు రెండు వందల పన్నెండు మంది తేలారు. యంత్రం మాత్రం ఒక్కటీ కదల్లేదు.

మూడోవారంలో, కాళ్ళు పీకుతుండగా ఒక గుమ్మంలో నిలబడి, విసుగెత్తి ప్రశ్న మార్చేశాడు.

"ఏమండీ, మీ ఇంట్లో ఇంకా నోటితోనే ఊదుకుంటున్నారా?"

ఇంటాయన గతుక్కుమన్నాడు. వీధిలో అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "అబ్బే, మేం అలాంటివాళ్ళం కాదండీ. ఇంతకీ అది ఎక్కడ దొరుకుతుంది?"

వారం తిరిగేసరికి గోదాము ఊడ్చిపెట్టినట్టు ఖాళీ అయింది. ఆఫీసుల్లో నోటితో ఊదేవాళ్ళకు వేరే బల్ల వేశారు. ఒక బడిలో పిల్లలచేత జన్మలో ఊదబోమని ప్రమాణం చేయించారు. మనవరాలి పోరు పడలేక బామ్మగారు సైతం ఒకటి తెప్పించుకుంది. అధికారి ఉద్యోగం ఖాయమైంది.

ఆ శుభవార్తతో ఇల్లు చేరి, టీ కప్పు అందుకుని హాయిగా మూతి సున్నా చుట్టాడో లేదో, భార్య గభాల్న కిటికీ మూసేసింది.

"మీకేమైనా మతి పోయిందా? ఎదురింటావిడ చూస్తోంది!"

"పిచ్చిమొహమా, ఆ సిగ్గంతా నేను పుట్టించిందేనే!"

"ఎవరు పుట్టిస్తేనేం, పోయేది మన పరువేగా? మనకీ ఒకటి పట్టుకురండి."

తేవడానికి సరుకు లేదు. చెరో కప్పూ ముందు పెట్టుకుని, ఊదలేక, తాగలేక ఇద్దరూ బిక్కమొహాలతో కూర్చున్నారు. పది నిమిషాలు గడిచాయి. టీ దానంతటదే చల్లారిపోయింది.

ఆలుమగలు మొహమొహాలు చూసుకున్నారు. అధికారికి ముచ్చెమటలు పోశాయి. ఈ సంగతి గడప దాటితే ఉద్యోగం ఊడినట్టే. ఎవరితోనూ అననని ఆవిడ చేత ఒట్టు వేయించుకున్నాడు.

మీరు కూడా ఎక్కడా అనకండి. మీరు కొన్నదాన్ని కంపెనీ ఎలాగూ వెనక్కి తీసుకోదు.