మంచులో పోర్షన్ పుస్తకం

నటుడు వెనియమిన్ లూకిచ్ తన వేషం మాటలు రాసి ఉన్న పోర్షన్ పుస్తకాన్ని పోగొట్టుకున్నది ఫిబ్రవరిలో ఒక మంగళవారం. ఆ ఉదయం ఆయన అనుకున్నది చిన్న పనే. టీ తాగి, పది గంటల ట్రాము ఎక్కి, రిహార్సలుకు వెళ్లాలి. నూరేళ్లనాటి నాటకంలో ముసలి నౌకరు వేషం. మూడుసార్లు రంగం మీదికి రావాలి. రెండుసార్లు మాటలేమీ లేవు. మూడోసారి, "గుర్రాలు సిద్ధం, దొరగారూ" అనాలి. అంతే.

ఎక్కడ ఎన్ని ఊపిర్ల సేపు ఆగాలో, టోపీ ఎప్పుడు తీయాలో ఆ పుస్తకం అంచుల్లో పెన్సిలుతో గుర్తులు పెట్టింది ఆయన భార్య కపితొలీనా. అదే నాటకశాలలో ముప్ఫై ఏళ్లు తెరచాటు నుంచి నటులకు మాటలు అందిస్తూ ప్రాంప్టింగ్ చెప్పిన మనిషి. అక్టోబరులో పోయింది. ఆమె చేతిరాత ఇంట్లో ఇంకెక్కడా లేదు.

ట్రాము స్టాపులో పుస్తకం చేజారి మంచులో పడింది. కింద పడిన పోర్షన్ మీద ఒకసారి కూర్చోకుండా ఎత్తుకుంటే ఆ వేషం పండదని అక్కడి నటులందరి నమ్మకం. ఎక్కడ పడితే అక్కడే కూర్చోవాలి. కపితొలీనా అయితే కూర్చోబెట్టి వేషంలోని మాట కూడా ఒకసారి అనిపించేది. లూకిచ్ బుద్ధిగా మంచులో కూర్చున్నాడు.

"అయ్యో తాతా, పడ్డారా?" అంది ఊలు శాలువా కప్పుకున్న ఒకావిడ.

"లేదమ్మా, కూర్చున్నాను."

"ఈ చలిలోనా? లేవండి, లేవండి!"

"గుర్రాలు సిద్ధం, దొరగారూ," అన్నాడు లూకిచ్ గంభీరంగా.

ఆవిడ అంబులెన్సుకు ఫోన్ చేసింది. వచ్చినవాళ్లు చెరో రెక్కా పట్టుకుని ఆయన్ని బండి ఎక్కించారు. పుస్తకం మంచులోనే ఉండిపోయింది.

"ఆపండి! కపితొలీనా అక్కడే ఉండిపోయింది!"

"ఎవరు తాతా ఆవిడ?"

"నా భార్య."

"స్టాపులో కనబడలేదే?"

"అక్టోబరులో పోయింది."

అడిగినవాడు కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

ఆసుపత్రి నుంచి కబురు వెళ్లగానే దర్శకుడు గ్లెబ్ మత్వేయిచ్ నాటకం ప్రతి చంకలో పెట్టుకుని పరుగున వచ్చాడు.

"మతిపోవడమేంటి డాక్టరమ్మా! మా అందరికంటే బుర్ర నిలకడగా ఉన్నవాడు ఈ ముసలాడే. పూచీ నాది!"

అంటూ చెయ్యెత్తేసరికి చంకలోని ప్రతి జారి నేలమీద పడింది. ఆయన మాట అక్కడే ఆపి, కోటు సర్దుకుని, దాని మీద కూర్చున్నాడు.

"ఇంకో మంచం చూడమ్మా," అంది డాక్టరమ్మ నర్సుతో.

అంతలో శాలువా ఆవిడ వచ్చింది. "తాతా, ఇది మీదేనా? మంచులో దొరికింది." తడిసిన చేతితొడుగుల్లోంచి పుస్తకం జారిపోయింది.

"కూర్చోండి!" అని ఇద్దరూ ఒక్క గొంతుతో అరిచారు. ఆవిడ హడలిపోయి కూర్చుంది.

డాక్టరమ్మ ముగ్గురినీ మార్చి మార్చి చూసి, చేతిలోని కేసు కాగితాలను గుండెకు గట్టిగా అదుముకుంది.

ఆ సాయంత్రం ఆయన్ని ఇంటికి పంపించారు. లూకిచ్ పుస్తకాన్ని పొయ్యి పక్కన ఆరబెట్టి, ఒక్కొక్క కాగితమే విడదీశాడు. పెన్సిలు గుర్తులు చెరగలేదు. మొదటి ప్రవేశం దగ్గర నాలుగు ఊపిర్లు. రెండోదాని దగ్గర ఆరు. ఆ తర్వాత అంచు తెల్లగా ఉంది; కపితొలీనా అక్కడిదాకా రాకముందే అక్టోబరు వచ్చేసింది.

మూడో ప్రవేశంలో ఎంతసేపు ఆగి మాట అనాలో ఇంకా ఎవరూ గుర్తు పెట్టలేదు.