ఊయలెక్కిన తేనె మిషను

తెల్లవారేసరికి ఎవరిస్తో కనూల్ లెక్క అంతా సిద్ధంగా ఉంది. ఏడింటికి మిషను నిలబెట్టాలి, తొమ్మిదింటికి పిడి తిప్పాలి, పదింటికి తేనె సంఘం అధ్యక్షురాలు డోన్యా రెఫూజియో వచ్చేసరికి బకెట్ నిండా తేనె చూపించాలి. చూపిస్తే, సంఘానికి కొత్తగా వచ్చిన, తేనె తీసే స్టీలు మిషను ఇకపై ఎవరిస్తో ఇంట్లోనే ఉంటుంది. లేకపోతే ఎదురింటి కసిమీరో ఊక్ ఇంటికి పోతుంది. పద్దెనిమిదేళ్ళుగా ఎవరిస్తో, కసిమీరో దగ్గరున్న పాత తేనె డ్రమ్మునే అడిగి తెచ్చుకుంటూ, ఊళ్ళో అందరి తేనె అయ్యాక తన తేనె తీసుకుంటున్నాడు పాపం. అందుకే ఆ పూట అతనికి కాలు ఒకచోట నిలవడం లేదు.

"అడవి దొరలకు మొక్కజొన్న జావ పెట్టావా?" అని వంటింట్లోంచి భార్య నికొలాసా అడిగింది. తేనె తీసే రోజు, తేనెటీగలను కాచే ఆ దేవతలకు తేనెపెట్టెల దగ్గర జావ పెట్టకుండా ఆ ఊళ్ళో ఎవరూ తేనెపట్టు చట్రం ముట్టుకోరు.

"పెట్టా, పెట్టా" అన్నాడు ఎవరిస్తో. పెట్టలేదు. తొందరలో ఆ సంగతే మరిచిపోయాడు.

ఇక మిషను. దాని మూడు కాళ్ళనూ బోల్టులతో నేలకు బిగించాలని డోన్యా రెఫూజియో మరీ మరీ చెప్పింది. లోపల గిరగిరా తిరిగే నాలుగు చట్రాలూ సమానమైన బరువుండాలని కూడా చెప్పింది. ఎవరిస్తో డ్రిల్లు చేతబట్టుకుని నేల మీద వంగాడో లేదో, నికొలాసా వచ్చి నిలబడింది. పోయిన నెలే వేయించుకున్న టైల్స్ అవి.

"నా టైల్స్‌కి ఒక్క కన్నం పడిందంటే నువ్వూ నీ మిషనూ కలిసి వీధిలో కాపురం పెట్టుకోవాలి" అంది.

ఎవరిస్తో తల గోక్కుంటూ గోడల వంక చూశాడు. నాలుగు మూలలా ఊయల కొక్కేలున్నాయి. ఆ ఇంట్లో పుట్టినవాళ్ళూ, పెళ్ళయి వచ్చినవాళ్ళూ అందరూ వాటికి కట్టిన వల ఊయలల్లోనే పడుకున్నారు. మంచమన్నది ఆ ఇల్లు ఎరగదు. ఇంతమందిని మోసిన కొక్కేలు ఒక్క మిషనును మోయలేవా? ఆ ఆలోచనకు ఎవరిస్తో తనలో తనే మురిసిపోయి, నాలుగు తాళ్ళతో మిషనును నేలకు మూరెడు ఎత్తున వేలాడదీశాడు. టైల్స్ మీద గీత కూడా పడలేదు. కుళాయి కింద బకెట్‌కు చోటు కూడా దొరికింది.

నాలుగో కొక్కేనికి అప్పటికే అత్తగారు హిలారియా ఊయల ఉంది, ఊయలలో అత్తగారు ఉంది.

"లేవాలా అత్తయ్యా?"

"నేనెందుకు లేస్తాను? నా కొక్కేనికే కట్టుకో అల్లుడూ. ఇరవై ఏళ్ళుగా నన్నే మోస్తోంది, ఈ డబ్బా దానికో లెక్కా?"

తేనెగదుల మీది మైనపు మూతలు కోసి, నిండు చట్రాలు మూడు పెట్టాడు. నాలుగోది సగమే నిండింది. ఫర్వాలేదులే అని దాన్నీ పెట్టి, కుళాయి తెరిచి, పిడి తిప్పాడు.

మొదటి పది చుట్లూ ముద్దుగా తిరిగింది. పదకొండో చుట్టుకు మిషను బరువున్న వైపుకు ఒరిగి, ఊగడం మొదలుపెట్టింది. దానితోపాటు తాడు, తాడుతోపాటు కొక్కెం దగ్గర ముడిపడ్డ ఊయల, ఊయలతోపాటు అత్తగారు.

"అబ్బ, ఎన్నాళ్ళకు ఊపారు నన్ను" అంది హిలారియా. "ఆపకు అల్లుడూ. ఇంకాస్త గట్టిగా తిప్పు."

తేనె ధార బకెట్ దాటి పోతోంది. ఆవిడ ఒంగి బకెట్ అందుకుని ఒళ్ళో పెట్టుకుంది. మిషను ఎటు ఊగితే ఆవిడా అటే ఊగుతోంది కాబట్టి ధార తిన్నగా బకెట్‌లోనే పడసాగింది.

వంటింట్లో నికొలాసాకు వినపడ్డది తల్లి కేకలూ, గోడల చప్పుడూ. వచ్చి చూస్తే తల్లి గాలిలో ఉంది.

"జావ పెట్టలేదు కదూ?" అంది మొగుడితో, చాలా నెమ్మదిగా.

"మరిచిపోయా."

అడవి దొరలే వచ్చి ఇల్లు ఊపుతున్నారని ఆమెకు అర్థమైపోయింది. గబగబా జావ కుండ తెచ్చి నాలుగు మూలలా చల్లి దణ్ణం పెట్టింది. టైల్స్ నిండా జావ. ఎవరిస్తో కాళ్ళు జారిపోతున్నాయి. ఇప్పుడతను మిషనును తిప్పుతున్నాడో, మిషను పట్టుకుని వేలాడుతున్నాడో చెప్పడం కష్టం.

కిటికీలోంచి కసిమీరో తొంగిచూశాడు. "ఏమయ్యా ఎవరిస్తో, తేనె తీస్తున్నావా, తిరునాళ్ళు చేస్తున్నావా?" అని, సంతోషం పట్టలేక ఇంటికి పరుగెత్తి మిషను కోసం ముందే కొనిపెట్టుకున్న బోల్టులు మూడూ జేబులో వేసుకొచ్చాడు, మిషనును తీసుకుపోయి బిగించుకోవడానికి. సరిగ్గా పదింటికి డోన్యా రెఫూజియోను దారిలో కలుసుకుని తనే లోపలికి తీసుకొచ్చాడు.

అధ్యక్షురాలిని చూడగానే ఎవరిస్తో మర్యాదగా టోపీ తీయడానికి రెండు చేతులూ వదిలాడు. పట్టు తప్పిన మిషను ఒక్క ఊపు ఊగేసరికి మూడు కొక్కేలు గోడలోంచి ఊడొచ్చాయి. మిషను ధభీమని నిటారుగా నేల మీద దిగబడింది. మూడు కాళ్ళ కింద మూడు టైల్స్ పగిలాయి.

పద్దెనిమిదేళ్ళ ఆశ పోయిందనుకుని ఎవరిస్తో కళ్ళు మూసుకున్నాడు. అత్తగారి కొక్కెం మాత్రం చెక్కుచెదరలేదు. ఆవిడ ఊయలలోంచే బకెట్ ముందుకు చాపింది. నిండుగా ఉంది.

డోన్యా రెఫూజియో వేలు ముంచి నాకి చూసింది. "బాగుంది. బకెట్ నిండింది, మాట మాటే" అంది. తర్వాత వంగి నేల చూసింది. "నికొలాసా, కన్నాలు పడనే పడ్డాయి కదమ్మా. ఇంక బోల్టులు వేసుకోకపోతే దండగ. కసిమీరో, ఆ జేబులో గలగలమనేవి ఏమిటి? ఇలా ఇవ్వు."

మధ్యాహ్నానికల్లా మిషను నేలకు కదలకుండా బిగిసింది. ఎవరిస్తో వారం రోజులపాటు పొద్దున్నే జావ పెట్టొచ్చాడు, మధ్యాహ్నాలు టైల్స్ తుడిచాడు.

అత్తగారు మాత్రం ఈసారి తేనె తీసేటప్పుడు బోల్టులు విప్పుతారా అని రోజూ అడుగుతూనే ఉంది.