మిద్దె మీద నాలుగు దయ్యాలు

ఆదివారం పొద్దున్నే గౌరి మిద్దె మీద ముగ్గు వేయడం మొదలుపెట్టింది. ఎమ్మిగనూరులో కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పే ఈమె సెలవు రోజుల్లో స్నేహితులతో ఒక కథ ఆట ఆడిస్తుంది. ఒకరు కథ చెబుతారు. తక్కినవాళ్లు అందులో పాత్రలై తామేం చేస్తారో చెబుతారు. అది కుదిరిందో లేదో పాచిక తేలుస్తుంది. గత రెండు వారాలూ కథ చప్పబడి ఆట మధ్యలోనే ఆగిపోయింది. ఈసారి ఏమైనా సరే చివరిదాకా నడపాలని ఆమె పట్టుదల.

అందుకే చిన్నప్పుడు ఆదోనిలో వీడియోగేమ్ షాపులో రూపాయి బిళ్ల వేసి ఆడిన ఆటను కథగా మలిచింది. గుండ్రటి పసుపుపచ్చ తిండిబోతు ఒకడు సందుల్లో చుక్కలు తింటూ పోతుంటే నాలుగు దయ్యాలు తరుముతాయి. మూలల్లోని పెద్ద చుక్క తింటే మాత్రం దయ్యాలే భయపడి పారిపోతాయి. కాగితం చాలక సందులన్నీ ముగ్గుతో గీసింది. చుక్కలకు పసుపు కలిపిన బియ్యం, పెద్ద చుక్కలకు నిమ్మకాయలు, దయ్యాలకు రంగు గుడ్డల బొమ్మలు, తిండిబోతుకు నోరు కోసిన చిన్న గుమ్మడికాయ. అన్నీ సర్ది, ఆదోని నుంచి వచ్చే జోయల్‌నూ పల్లవినీ తీసుకురావడానికి బస్టాండుకు వెళ్లింది.

ఆ వెనకే, ఆమె అద్దెకుంటున్న ఇంటి యజమానురాలు ఉచ్చీరమ్మ మిరపకాయలు ఎండబోయడానికి మిద్దె ఎక్కింది. ముగ్గూ నిమ్మకాయలూ బొమ్మలూ చూసి, ఎవరో చేతబడి చేశారని చేట అక్కడే వదిలేసి దిగింది.

బస్సు ఆలస్యమైంది. ఈలోగా ఉచ్చీరమ్మ కబురందుకుని దిష్టి తీసే అయ్యన్న వచ్చాడు. ముగ్గు చుట్టూ తిరిగి, బొమ్మలు నాలుగని తేల్చి, ఇంట్లో ఎందరని అడిగాడు. తానూ ముగ్గురు కొడుకులూ అంది ఉచ్చీరమ్మ. లెక్క సరిపోయిందన్నాడు అయ్యన్న. కొడుకులకు ఫోన్లు వెళ్లాయి. ఇది చిన్న కోడలి పనేనని పెద్దవాడు అన్నాడు. ఆ మాట విని చిన్నవాడు తేల్చుకుందామని కోడుమూరులో బస్సెక్కాడు. వీధి మొత్తం మెట్ల మీదికి చేరింది. చేతబడి చేసినవాళ్లు వాళ్లంతట వాళ్లే వెతుక్కుంటూ వస్తారని అయ్యన్న అందరికీ ధైర్యం చెబుతుండగా, గౌరి ఇద్దరు స్నేహితులతో మిద్దె ఎక్కింది.

ముగ్గు చెరిపేద్దామని అయ్యన్న నీళ్ల బిందె ఎత్తాడు.

"పొయ్యొద్దు సామీ. అది ఏసింది నేనే," అంది గౌరి.

మెట్ల మీది జనం ఒక మెట్టు దిగారు.

"నీకేం అన్యాయం సేసినానమ్మా? కూతురి మాదిరి సూసుకుంటి కదా," అంది ఉచ్చీరమ్మ. సాయంత్రంలోగా గది ఖాళీ చేయమంది.

గౌరి ఇది ఆట అని వివరించబోయింది. ఎంత చెప్పినా వాళ్ల చెవిన దయ్యాలన్న ముక్క ఒక్కటే పడుతోంది. జోయల్ వెళ్లిపోదామని సైగ చేశాడు. గౌరి కదల్లేదు.

"ఖాళీ సేస్తా పెద్దమ్మా, ఆట అయినాంక. ముందు నువ్వే కూసోని ఆడు. తప్పనిపిస్తే ఆ నీళ్లు నేనే పోస్తా."

కూర్చోకపోతే భయపడిందని వీధిలో అనుకుంటారు. ఉచ్చీరమ్మ కూర్చుంది.

గుమ్మడికాయ నువ్వేనని చెప్పి గౌరి కథ ఎత్తుకుంది. ఆకలి, చీకటి సందులు, నాలుగు వైపుల నుంచీ దయ్యాలు. ఏం చేస్తావని అడిగింది. నిమ్మకాయ వైపు పరుగెత్తమని జోయల్ చెవిలో చెప్పాడు. ఎడమ సందు మేలని అయ్యన్న బిందె దించి మరీ సలహా ఇచ్చాడు.

ఉచ్చీరమ్మ ఇద్దరినీ పట్టించుకోలేదు. "పరిగెత్తేదెందుకు? నిలబడి అడుగుతా. ఎందుకు తరుముతాండారప్పా నన్ను?"

గౌరి గతుక్కుమంది. షాపులోని ఆటలో పరుగెత్తడమే తప్ప అడగడం లేదు. కానీ ఈ ఆటలో ఏదైనా అడగవచ్చు. పాచిక వేయించింది. అన్నిటికన్నా పెద్ద అంకె పడింది. ఇక జవాబు చెప్పక తప్పదు.

"ఆ గింజలు మావి," అంది దయ్యాల తరఫున. "మేం దాపెట్టుకున్నవి నువ్వు తింటాంటే ఊరుకోవల్లా?"

ఉచ్చీరమ్మ ముగ్గు మీదికి వంగింది. "తప్పు నాదే," అని గింజలన్నీ కూడబెట్టి బొమ్మల ముందు పోసింది. నాలుగింటినీ వరుసగా కూర్చోబెట్టి తినమంది. పల్లవి చప్పట్లు కొట్టింది. వారమంతా అల్లిన కథ ముగిసిపోయింది. గౌరికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఏమైతేనేం, ఆట చివరిదాకా నడిచింది.

గది ఖాళీ చేసే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. చిన్నకొడుకును దారిలోనే వెనక్కి మళ్లించారు. వచ్చే వారం కథ ఏమిటని ఉచ్చీరమ్మ అడుగుతుంటే, దయ్యాలతో అందరూ ఇలా మాట్లాడటం మొదలుపెడితే తన పని ఏం కావాలని అయ్యన్న జోయల్‌ను విడిగా అడిగాడు.